ఎముకను తొలిచేది క్యాన్సర్ కణం కాదు

రొమ్ము క్యాన్సర్ పాకిన ఎముక ముక్కను పలచగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడితే, అంచు పొడవునా ఎవరో కొరికినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఆ గుంటల్లో కూర్చున్నది క్యాన్సర్ కణమే అయివుంటుందని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే అక్కడున్నది వేరే కణం. మామూలు కణాలకన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఒక్కదానిలోనే నాలుగైదు నుంచి పది పన్నెండు దాకా కేంద్రకాలుంటాయి. దాని పేరు ఆస్టియోక్లాస్ట్. అది రోగి సొంత కణమే, ఎముకను తవ్వడమే దాని రోజువారీ పని. క్యాన్సర్ కణాలు దానికి కాస్త ఎడంగా, మూలుగలో గుంపులు కట్టి ఉంటాయి.

ఆ కాస్త ఎడంలోనే అసలు సంగతంతా ఉంది. ఎముకలోని ఖనిజాన్ని పెద్ద ఎత్తున కరిగించే సరంజామా రొమ్ము క్యాన్సర్ కణానికి లేదు. అది చేసేదల్లా ఎముక కణాలకు పని పురమాయించడం. ఈ ఒక్క ముడి విప్పుకుంటే స్కాన్ రిపోర్టులు ఎందుకు తికమక పెడతాయో, క్యాన్సర్ జోలికి నేరుగా పోని మందు ఎముకను ఎలా కాపాడుతుందో, అదే మందు దవడకు ఎందుకు చేటు చేస్తుందో తెలిసివస్తుంది.

ముందుగా ఒక మాట. రిపోర్టులో ‘బోన్ మెట్స్’ అని రాసి ఉంటే అది ఎముక క్యాన్సర్ అనుకోకూడదు. అది ఎముకలో కాపురం పెట్టిన రొమ్ము క్యాన్సర్. ఎముక కణాల్లోనే పుట్టే ఆస్టియోసార్కోమా వేరే జబ్బు, దాని వైద్యం వేరు. రొమ్ము క్యాన్సర్ ముదిరి ఒంట్లో ఇతర చోట్లకు పాకినవారిలో దాదాపు 70 శాతం మందికి ఎముకల్లోనూ చేరుతుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ సంకేతాన్ని పట్టే రిసెప్టర్ కణాల్లో ఉన్న రకానికి ఎముక మీద మక్కువ మరీ ఎక్కువ.

కూల్చే ముఠా, కట్టే ముఠా

ఎముక చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ, నిజానికి అది ఏదో ఒక మూల మరమ్మతు నడుస్తూనే ఉండే పాత ఇల్లు. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం పాతది పోయి కొత్తది వస్తుంది. పాతదాన్ని కూల్చేవి ఆస్టియోక్లాస్టులు, కొత్తది కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. కట్టడం అయ్యాక కొన్ని ఆస్టియోబ్లాస్టులు ఆ కట్టుబడిలోనే కూరుకుపోయి ఆస్టియోసైట్లు అవుతాయి. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. ఎక్కడ బరువు పడుతోందో, ఎక్కడ సన్నని పగులు వచ్చిందో కనిపెట్టి ముఠాలను పిలిచే మేస్త్రీలు ఇవే.

ఆస్టియోక్లాస్ట్ పని చేసే తీరు చూడదగ్గది. ముందు అది ఎముక మీద బోర్లించిన గిన్నెలా కూర్చుని, అంచు చుట్టూ గాలి చొరకుండా అతుక్కుంటుంది. లోపలి వైపు కణపొర మడతలు మడతలుగా ముడుచుకుంటుంది. ఆ మడతల నిండా ప్రోటాన్ పంపులుంటాయి. అవి గిన్నె కింది ఖాళీలోకి హైడ్రోజన్ అయాన్లను తోడిపోస్తాయి, వాటి వెంట క్లోరైడ్ వస్తుంది. రెండూ కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. పీహెచ్ 4.5 దాకా పడిపోతుంది, ఖనిజం కరిగిపోతుంది. ఖనిజం పోయాక బయటపడ్డ కొలాజెన్ తాళ్లను క్యాథెప్సిన్ కె అనే ఎంజైమ్ తెంపుతుంది. ఒక చోట తవ్వకం రెండు నుంచి నాలుగు వారాల్లో ముగుస్తుంది. ఆ గుంటను ఆస్టియోబ్లాస్టులు పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

వారాల కూల్చివేతకు నెలల కట్టుబడి అన్న ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి. ఒకేసారి ఎక్కువ చోట్ల తవ్వకాలు మొదలయ్యాయంటే, కట్టే ముఠాలో లోపమేమీ లేకపోయినా ఎముక పలచబడుతుంది. క్యాన్సర్ ఉన్నచోట కట్టే ముఠాకు కూడా అడ్డం పడుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపులా తగులుతుంది.

తవ్వమని చెప్పే తాళంచెవి ఒక ప్రోటీన్, పేరు ర్యాంక్‌ఎల్. ఆస్టియోసైట్లు, ఆస్టియోబ్లాస్టులు దాన్ని తయారు చేస్తాయి. రక్తంలోని మోనోసైట్ల జాతికి చెందిన లేత కణాల మీద దానికి తగిన తాళం, ర్యాంక్ అనే రిసెప్టర్, ఉంటుంది. తాళం తెరుచుకుంటే ఆ లేత కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఆస్టియోక్లాస్ట్ అవుతాయి. కేంద్రకాలు అన్నేసి ఉండేది అందుకే. ఇక మూడోది ఆస్టియోప్రొటెజెరిన్, పొట్టిగా ఓపీజీ. 1997లో బయటపడింది. ఇది ర్యాంక్‌ఎల్‌ను దారిలోనే పట్టుకుని తాళం దాకా పోనివ్వకుండా చేస్తుంది. ఒకచోట ఎముక అరుగుతుందా నిలుస్తుందా అన్నది ఎక్కువ మటుకు ర్యాంక్‌ఎల్, ఓపీజీల పాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. ఈస్ట్రోజన్ ఈ తక్కెడను ఓపీజీ వైపు మొగ్గేలా ఉంచుతుంది. ముట్లు ఆగాక ఎముకలు డొల్లబారడానికి ఒక పెద్ద కారణం ఆ మొగ్గు తప్పడమే.

నేల పదును

1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లీషు సర్జన్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్ష రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. కాలేయంలో క్యాన్సర్ 241 మందిలో ఉంది, ప్లీహంలో 17 మందిలోనే. రక్తం ఎటు మోసుకుపోతే అటే గడ్డలు పుడతాయన్నది నిజమైతే ఇంత తేడా ఉండకూడదు. విత్తనాలు అన్ని వైపులా పడతాయి, తగిన నేల మీదే మొలుస్తాయి అని అతను తేల్చాడు. ఎముకల విషయంలోనూ అదే తంతు.

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఈ మాట ఇంకా బాగా పట్టుబడుతుంది. నేల మంచిదైతే సరిపోదు, పదునులో ఉండాలి. ఎముక విషయంలో ఆ పదునే అసలు కథ.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గడ్డలోంచి విడివడిన కణాలు రక్తంలో పడతాయి. అందులో అత్యధికం అక్కడే చస్తాయి. పదివేలలో ఒకటి కూడా కొత్తచోట గడ్డ కట్టదు. మూలుగలోని రక్తనాళాలు వెడల్పుగా, గోడలు పలచగా ఉంటాయి, రక్తం నెమ్మదిగా నడుస్తుంది. కాబట్టి దిగడం తేలిక. పైగా మూలుగ కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే వాసన లాంటి సంకేతం వదులుతుంటాయి. రక్త మూలకణాలు దాన్ని పట్టుకునే ఇల్లు చేరతాయి. అదే సంకేతాన్ని పట్టే రిసెప్టర్, సీఎక్స్‌సీఆర్4, రొమ్ము క్యాన్సర్ కణాల మీద కూడా ఉందని 2001లో తేలింది. అంటే అవి రక్త మూలకణాల బాటనే పట్టి వస్తున్నాయన్నమాట. వెన్నుపూసలు, కటి, పక్కటెముకలు, పుర్రె, తొడ ఎముక పైభాగం, ఇలా ఎర్ర మూలుగ ఉన్న ఎముకలకే జబ్బు ఎక్కువగా పాకడం కూడా దీనికి సరిపోతుంది. వెన్ను చుట్టూ ఉన్న సిరల వలలో కవాటాలు ఉండవని, దగ్గినా ముక్కినా రక్తం అందులో వెనక్కి మళ్లగలదని 1940లో బ్యాట్సన్ చూపించాడు. వెన్నుపూసల విషయంలో ఈ గొట్టాల అమరికకూ కొంత వాటా ఉంది.

దిగినంత మాత్రాన మొలవాలని లేదు. 2005లో 4,703 మంది రోగుల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, జబ్బు ఇంకా ఎక్కడికీ పాకలేదనుకున్న దశలోనే 30.6 శాతం మంది మూలుగలో రొమ్ము గడ్డ కణాలు దొరికాయి. వారికి ముప్పు ఎక్కువన్నది నిజం. అయినా వాళ్లందరికీ జబ్బు తిరిగి రాలేదు. ఆ కణాలు ఎముక లోపలి అంచునో, సన్నని రక్తనాళాల గోడనో ఆనుకుని నిద్రపోతాయి. విభజించుకోవు కాబట్టి, విభజన మీదే దెబ్బ కొట్టే కీమో మందులకు అంతగా చిక్కవు. ఈ నిద్ర ఎంత పొడవో చెప్పే అంకె ఒకటుంది. ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉన్న క్యాన్సర్‌కు 5 ఏళ్లు హార్మోన్ మందులు వాడి, ఆనాటికి జబ్బు ఆనవాలే లేని 62,923 మంది మహిళలను 20వ ఏడు దాకా గమనించారు. మొదట్లో గడ్డ చిన్నదై, చంకలో లింఫ్ గ్రంథులు శుభ్రంగా ఉన్నవారిలో కూడా ఆ 15 ఏళ్లలో దూరపు అవయవాలకు పాకే ముప్పు 13 శాతం. గడ్డ పెద్దదై, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు అంటినవారిలో 41 శాతం. ‘అయిదేళ్లు దాటితే గట్టెక్కినట్టే’ అన్న మాట ఈ రకానికి చెల్లదు.

నిద్ర ఎందుకు చెడుతుంది? జవాబులు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. వాటిలో ఒకటి మన కథకు దగ్గరిది. మైలోమా అనే మరో క్యాన్సర్‌లో, బతికున్న ఎలుక ఎముకలోకి నేరుగా మైక్రోస్కోపు సారించి చూస్తే, ఆస్టియోక్లాస్టులు అంచును తవ్వినప్పుడు అక్కడ ఒదిగి ఉన్న కణాలు పట్టు తప్పి లేచాయి. పడక కింది నేల తవ్వేస్తే ఎవరికైనా మెలకువ వస్తుంది.

పాల లెక్క

ఇక క్యాన్సర్ కణం లేచాక పని పురమాయించే తీరు. ఇక్కడే రొమ్ముకూ ఎముకకూ మధ్య ఎప్పటి నుంచో ఉన్న లావాదేవీ ఒకటి తెలుసుకోవాలి.

పసిబిడ్డకు పూర్తిగా తల్లిపాలే పడుతున్నప్పుడు రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల క్యాల్షియం పాలలో పోతుంది. తిండితోనే అదంతా పూడదు. అందుకని పాలిచ్చే రొమ్ము పీటీహెచ్‌ఆర్‌పీ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. పారాథైరాయిడ్ హార్మోన్‌కు ఇది దగ్గరి చుట్టం, అదే రిసెప్టర్‌ను తడుతుంది. ఎముకలోని ఆస్టియోబ్లాస్టులు ఆ తట్టుడుకు ర్యాంక్‌ఎల్ పెంచుతాయి, ఓపీజీ తగ్గిస్తాయి. ఆస్టియోక్లాస్టులు పుడతాయి, క్యాల్షియం రక్తంలోకి వస్తుంది, పాలలోకి చేరుతుంది. కొద్ది నెలల్లో తల్లి వెన్నెముక సాంద్రత 5 నుంచి 10 శాతం దాకా తగ్గవచ్చు. పాలు మాన్పించాక మళ్లీ పూడుకుంటుంది. ఇది జబ్బు కాదు. తీసుకున్నది తిరిగి కట్టే అప్పు.

ఈ అప్పుకు హద్దు ఉంది. రొమ్ము కణాల మీద క్యాల్షియంను కొలిచే రిసెప్టర్ ఒకటి ఉంటుంది. రక్తంలో క్యాల్షియం తగినంత చేరగానే అది పీటీహెచ్‌ఆర్‌పీ తయారీని తగ్గిస్తుంది. క్యాన్సర్ కణాలకు కూడా అదే రిసెప్టర్ ఉంది, అదే హార్మోన్ తయారు చేసే పనితనమూ ఉంది. కాకపోతే కణం లోపల ఆ రిసెప్టర్‌కు తగిలించిన తీగ మారిపోయింది. మామూలు కణంలో క్యాల్షియం పెరిగితే పీటీహెచ్‌ఆర్‌పీ తగ్గుతుంది, క్యాన్సర్ కణంలో క్యాల్షియం పెరిగితే పీటీహెచ్‌ఆర్‌పీ ఇంకా పెరుగుతుంది. 2008లో బయటపడిన ఈ తిరగమరగ ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా గుర్తుంచుకోదగ్గదని నా లెక్క. బ్రేకు ఉన్నచోటే ఉంది, తొక్కితే బండి వేగం పుంజుకుంటోంది.

ఎముక మామూలు నేల కాదు. దాని ఖనిజంలో, కొలాజెన్ మధ్య, టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్ లాంటి పెరుగుదల పదార్థాలు పెద్ద ఎత్తున దాచి ఉంటాయి. కూల్చాక కట్టే ముఠాను పిలవడానికి అవి అక్కడ ఉంటాయి. ఆస్టియోక్లాస్ట్ తవ్వినప్పుడు అవి విడుదలవుతాయి. టీజీఎఫ్-బీటా ఒక తొడుగులో బందీగా ఉంటుంది, ఆ ఆమ్లానికి తొడుగు ఊడి చురుకవుతుంది. పక్కనే ఉన్న క్యాన్సర్ కణాలకు ఇదంతా ఉచిత ఎరువు. టీజీఎఫ్-బీటా తగిలిన కణాలు పీటీహెచ్‌ఆర్‌పీ ఇంకా వదులుతాయి. ఐజీఎఫ్ వాటిని పెంచుతుంది. పెరిగిన కణాలు మరింత పురమాయిస్తాయి, తవ్వకం మరింత సాగుతుంది, ఎరువు మరింత దొరుకుతుంది. దీన్నే పరిశోధకులు విషవలయం అంటారు. క్యాన్సర్ కణాలు వదిలే డీకేకే-1 లాంటి పదార్థాలు మరోపక్క కట్టే ముఠాను కూర్చోబెడతాయి.

ఇదంతా ఊహ కాదనడానికి 1991 నాటి చిన్న పరిశీలన ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. ఎముకకు పాకిన 13 రొమ్ము క్యాన్సర్ ముక్కల్లో 12 పీటీహెచ్‌ఆర్‌పీకి రంగు పట్టాయి. ఇతర అవయవాలకు పాకిన 18లో మూడే పట్టాయి. దీన్ని చూసి, అసలు గడ్డలోనే ఈ హార్మోన్ ఉంటే ముందే జాగ్రత్తపడొచ్చని చాలామంది ఆశపడ్డారు. తర్వాత రోగులను ఏళ్ల తరబడి గమనిస్తే ఫలితం ఎదురు తిరిగింది. మొదటి గడ్డలో పీటీహెచ్‌ఆర్‌పీ ఉన్నవారే మెరుగ్గా ఉన్నారు, వారికి ఎముకలకు పాకడమూ తక్కువే. రొమ్ములో ఉన్నప్పుడు అది రొమ్ము కణం లక్షణం, ఎముకలో చేరాక అది ఆయుధం. ఒకే అణువుకు నేల మారితే గుణం మారింది. అందుకే మొదటి గడ్డలో పీటీహెచ్‌ఆర్‌పీ పరీక్ష వైద్యంలో మామూలు పరీక్షగా నిలవలేదు.

స్కాన్ చూసేది ఎవరిని?

ఎముకకు చేసే పరీక్షలు ఒక్కొక్కటి ఒక్కో ముఠాను చూస్తాయి. ఈ సంగతి తెలియకే ఇళ్లలో సగం కంగారు.

ఎక్స్‌రే ఖనిజాన్ని చూస్తుంది. ఒకచోట 30 నుంచి 50 శాతం ఖనిజం పోతే తప్ప నల్లమచ్చ తేలదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేదని కాదు. ఎమ్మారై మూలుగను చూస్తుంది, అందుకే ఎముక తొలిచివేత మొదలుకాకముందే గడ్డను పట్టగలదు. పెట్ స్కాన్ గ్లూకోజ్‌ను మింగే కణాలను చూస్తుంది, అంటే క్యాన్సర్‌ను దాదాపు నేరుగా.

బోన్ స్కాన్ తీరు వేరు. అందులో ఎక్కించే టెక్నీషియం-99ఎమ్ పదార్థం కొత్తగా ఖనిజం పేరుకుంటున్న చోట అతుక్కుంటుంది. అంటే అది చూపించేది క్యాన్సర్‌నూ కాదు, కూల్చే ముఠానూ కాదు. కట్టే ముఠాను. ఇందులోంచి రెండు పొరపాట్లు పుడతాయి. కట్టే ముఠా పూర్తిగా పడుకున్నచోట, ఎముక లోపల గుల్లవుతున్నా స్కాన్ మీద మచ్చ రాకపోవచ్చు. దానికి ఎదురుగా, మందు పనిచేసి క్యాన్సర్ తగ్గితే, అణిగివున్న ఆస్టియోబ్లాస్టులు లేచి గుంటలు పూడ్చడం మొదలెడతాయి. అప్పుడు పాత మచ్చలు ఇంకా మెరుస్తాయి, ఇంతకు ముందు కనిపించనివి కొత్తగా తేలతాయి. మందు మొదలుపెట్టిన మొదటి మూడు నెలల్లో వచ్చే ఈ మెరుపును ఫ్లేర్ అంటారు. సీటీలో కూడా ఇంతే. నిన్నటిదాకా నల్లటి గుంటగా ఉన్నది మాననారంభిస్తే తెల్లగా గట్టిపడుతుంది. ఇంతకు ముందు కంటికి ఆననంత చిన్న గుంట తెల్లబడితే ‘కొత్త మచ్చ’ అని రిపోర్టు రావచ్చు.

ఈ తప్పు లెక్క వల్ల బాగా పనిచేస్తున్న మందును ఆపేసే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గుతోందా, గడ్డ మార్కర్లు, అంటే రక్తంలో క్యాన్సర్ జాడ తెలిపే పదార్థాలు, ఎటు పోతున్నాయి, మెత్తని అవయవాల్లో మచ్చలు ఎలా ఉన్నాయి అన్నవి కలిపి చూడకుండా ఒక్క బోన్ స్కాన్‌తో మందు మార్చడం తొందరపాటు. మార్కర్లు కూడా మొదటి కొద్ది వారాల్లో ఒకసారి ఎగసి పడగలవు. రక్తపరీక్షలో చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా కట్టే ముఠా గుర్తే. మానుతున్నప్పుడు అది కొన్నాళ్లు పెరుగుతుంది.

రొమ్ము క్యాన్సర్ మచ్చలన్నీ గుంటలే కావు. కొందరిలో ఎముక అడ్డదిడ్డంగా గట్టిపడుతుంది, చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఎండోథెలిన్-1 లాంటి సంకేతాలు కట్టే ముఠాను రెచ్చగొట్టినప్పుడు గట్టి మచ్చలు వస్తాయి. అలా కట్టిన ఎముక అల్లిక సరిగా ఉండదు. తెల్లగా కనిపించినంత మాత్రాన బలంగా ఉందనుకోవడానికి లేదు.

కూల్చే ముఠాను ఆపే మందులు

రెండు రకాలున్నాయి. రెంటి పని ఒకటే, దారులు వేరు.

మొదటిది బిస్‌ఫాస్ఫొనేట్లు, వాటిలో ఎక్కువ వాడేది జోలెడ్రోనిక్ ఆమ్లం. ఇది ఎముక ఖనిజానికి అతుక్కుని కూర్చుంటుంది. ఆస్టియోక్లాస్ట్ తవ్వుతూ దాన్ని మింగుతుంది. లోపలికి వెళ్లాక ఆ కణంలోని ఒక ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, మడతలు పోతాయి, కణం చచ్చిపోతుంది. ఎముకకు పాకినవారికి మామూలు మోతాదు 4 మిల్లీగ్రాములు, సిరలోకి 15 నిమిషాలకు తగ్గకుండా ఎక్కించాలి. త్వరగా ఎక్కిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే ప్రతిసారీ ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు. దాని క్లియరెన్స్ 60 కన్నా తగ్గితే మోతాదు తగ్గిస్తారు, 30 కన్నా తగ్గితే ఇవ్వకపోవడమే పద్ధతి. తొలుత నాలుగు వారాలకోసారి ఇచ్చేవారు. 12 వారాలకోసారి ఇచ్చినా ఎముకలకు అంతే రక్షణ ఉందని 2017లో వచ్చిన పెద్ద ట్రయల్ చూపింది. మొదటి డోసు తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావడం సాధారణం.

రెండోది డెనోసుమాబ్. ఇది ర్యాంక్‌ఎల్‌నే పట్టుకునే యాంటీబాడీ, అంటే ఓపీజీ పనిని బయటి నుంచి చేసేది. 120 మిల్లీగ్రాములు చర్మం కింద, నాలుగు వారాలకోసారి. మూత్రపిండాల మీద భారం లేదు కానీ, క్యాల్షియం పడిపోయే ముప్పు ఎక్కువ, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో మరీను. 2,046 మందితో చేసిన ట్రయల్‌లో, ఎముక విరగడం, రేడియేషన్ అవసరం కావడం లాంటి మొదటి ఘటనను ఇది జోలెడ్రోనిక్ ఆమ్లం కన్నా 18 శాతం మెరుగ్గా వెనక్కి నెట్టింది. ఆయుర్దాయంలో తేడా లేదు.

ఇంజెక్షన్ మొదలుపెట్టేముందు విటమిన్ డి కొరత సరిచేయాలి, క్యాల్షియం మాత్రలు అందాలి. రక్తంలో క్యాల్షియం ముందే ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఆ మాత్రలు వద్దు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది కూడా మొదటి డోసుకు ముందే. దవడ ఎముకలో మరమ్మతు వేగం ఎక్కువ, నోటి క్రిములు పక్కనే ఉంటాయి. కూల్చే ముఠాను ఆపేశాక పన్ను పీకితే ఆ గుంట శుభ్రపడదు, చచ్చిన ఎముక బయటికి తేలుతుంది. పై ట్రయల్‌లో ఇది జోలెడ్రోనిక్ ఆమ్లంతో 1.4 శాతం, డెనోసుమాబ్‌తో 2 శాతం మందిలో కనిపించింది. పీకాల్సినవి ముందే పీకించి, చిగుళ్లు మానాక మొదలుపెట్టడం ఉత్తమం.

డెనోసుమాబ్‌తో మరో చిక్కుంది. జోలెడ్రోనిక్ ఆమ్లం ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, డెనోసుమాబ్ ఉండదు. ఆపగానే తవ్వకం ఒక్కసారిగా ఎగస్తుంది, వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి కుంగిపోవచ్చు. దానికి కారణమనదగ్గది 2021లో కనిపించింది. ఆస్టియోక్లాస్టులు పని లేనప్పుడు చచ్చిపోవాలని లేదు, చిన్న చిన్న కణాలుగా విడిపోయి మళ్లీ కలవగలవు. వాటికి ఆస్టియోమార్ఫ్‌లని పేరు పెట్టారు. ర్యాంక్‌ఎల్‌ను ఆపి ఉంచినన్నాళ్లూ ఇవి పోగుపడతాయి. అడ్డు తొలగగానే అన్నీ కలిసి పనిలోకి దిగుతాయి. కాబట్టి ఈ ఇంజెక్షన్‌ను చెప్పాపెట్టకుండా మానేయకూడదు. ఆపాల్సి వస్తే తర్వాత ఏం ఇవ్వాలో ముందే డాక్టరుతో తేల్చుకోవాలి.

జబ్బు ఎముకకు పాకకముందే ఈ మందులిస్తే? 18,766 మంది మహిళల సమాచారాన్ని 2015లో కలిపి చూశారు. ముట్లు ఆగినవారిలో బిస్‌ఫాస్ఫొనేట్లు ఎముకల్లో జబ్బు తిరగబెట్టడాన్ని పదేళ్లలో 8.8 నుంచి 6.6 శాతానికి, రొమ్ము క్యాన్సర్ మరణాలను 18 నుంచి 14.7 శాతానికి తగ్గించాయి. ముట్లు వస్తున్నవారిలో లాభం కనిపించలేదు. పదును మాట గుర్తొచ్చేది ఇక్కడే. ఈస్ట్రోజన్ పోయి తవ్వకం పెరిగిన నేలలోనే తవ్వకం ఆపితే ఫలితం ఉంది. అంతవరకు లెక్క బాగానే కుదిరింది. ఆ లెక్కన ర్యాంక్‌ఎల్‌ను నేరుగా పట్టే డెనోసుమాబ్ ఇంకా బాగా పనిచేయాలి. 4,509 మందితో చేసిన డి-కేర్ ట్రయల్‌లో అది ఎముకకు పాకకుండా బతికే కాలాన్ని పెంచలేకపోయింది. ఆస్టియోక్లాస్ట్‌ను ఆపడమే సర్వస్వమైతే ఇలా జరగదు. బిస్‌ఫాస్ఫొనేట్లు మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాల లాంటి ఇతర కణాల్లోకీ దూరతాయి, ఆ తేడా అక్కడుందేమోనని వాదన. విషవలయం బొమ్మ గడ్డ ఎదిగిన దశకు బాగా సరిపోతుంది, నిద్రపోతున్న కణం కథకు అది చాలదు.

ఇంట్లో కనిపెట్టాల్సినవి

క్యాల్షియం రక్తంలో పొంగితే తెగ దాహం, పదేపదే మూత్రం, మలబద్ధకం, వికారం, మాటలో తడబాటు వస్తాయి. ఇవన్నీ కీమో నీరసమనో, నొప్పి మాత్రల ప్రభావమనో కొట్టిపారేయడం జరుగుతుంటుంది. మూత్రం ఎక్కువై ఒళ్లు ఎండితే మూత్రపిండాలు క్యాల్షియంను ఇంకా పట్టి ఉంచుతాయి, అదో చిన్న విషవలయం. రిపోర్టులో అంకె చూసేటప్పుడు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా చూడాలి. ఆల్బుమిన్ 4 కన్నా ఎంత తగ్గితే దాన్ని 0.8తో హెచ్చించి క్యాల్షియంకు కలపాలి. క్యాల్షియం 10.2 ఉంది, ఆల్బుమిన్ 2.5 ఉంది అనుకుంటే అసలు అంకె 11.4. పైకి మామూలుగా కనిపించిన రిపోర్టు మామూలుది కాదు. వైద్యంలో ముందు సెలైన్, ఆ వెంట జోలెడ్రోనిక్ ఆమ్లం. దాని పని తెలియడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, ఈలోపు గంటల్లో పనిచేసే క్యాల్సిటోనిన్ ఇస్తారు.

వెన్నునొప్పి పడుకుంటే ఎక్కువవుతున్నా, దగ్గినప్పుడు నడుము చుట్టూ పట్టీలా బిగిస్తున్నా, కాళ్లు తేలిపోతున్నా, మూత్రం ఆగిపోతున్నా తెల్లారే దాకా చూడకూడదు. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో తేల్చడానికి అదే రోజు వెన్ను మొత్తానికి ఎమ్మారై కావాలి. నొప్పి ఉన్నచోట ఒక్కటే తీస్తే, పైన మరోచోట ఉన్న నొక్కుడు తప్పిపోతుంది. నడవగలిగిన స్థితిలో వైద్యం అందినవారు సాధారణంగా నడుస్తూనే ఉంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం కష్టం.

తొడ ఎముక విషయంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: బరువు వేస్తే నొప్పా, ఊరికే ఉన్నా నొప్పా? బరువు వేసినప్పుడే పోటు వస్తే ఎముక విరగడానికి దగ్గరగా ఉందని అర్థం. ఎముక విరిగే ముప్పును లెక్కగట్టే మిరెల్స్ స్కోరులో చోటు, నొప్పి తీరు, మచ్చ రకం, ఎముక మందంలో అది తిన్న భాగం, ఈ నాలుగింటికీ ఒకటి నుంచి మూడు మార్కులు. మొత్తం 12లో 9 దాటినా, 9 వచ్చినా విరగకముందే రాడ్ వేయడం మేలంటారు. ఆ తర్వాత రేడియేషన్. నొప్పి తగ్గించడానికే ఇచ్చే రేడియేషన్‌లో 8 గ్రే (రేడియేషన్ కొలత) ఒక్కసారి ఇచ్చినా, 30 గ్రే పది విడతల్లో ఇచ్చినా ఉపశమనం ఒకటే, కాకపోతే ఒక్కసారి ఇచ్చినవారిలో మళ్లీ ఇవ్వాల్సి రావడం ఎక్కువ. మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగొచ్చు, తగ్గడానికి వారాలు పడుతుంది. ఈ నొప్పిలో కొంత వాటా ఆస్టియోక్లాస్ట్ ఆమ్లానిదే, ఎముకలోని నరాల కొసలు ఆమ్లాన్ని పసిగడతాయి. జోలెడ్రోనిక్ ఆమ్లంతో కొందరికి నొప్పి కూడా తగ్గేది అందుకే.

చివరగా బయాప్సీ. ఎముకకు మొదటిసారి పాకినట్టు అనుమానం వస్తే, వీలైనచోట ముక్క తీసి రిసెప్టర్లు మళ్లీ చూడాలి. రొమ్ములో ఉన్నప్పటి రిసెప్టర్లే ఎముకలోనూ ఉంటాయన్న హామీ లేదు, ఈస్ట్రోజన్ రిసెప్టర్ విషయంలో అయిదుగురిలో ఒకరికి దాకా తేడా రావచ్చు. అయితే ఎముక ముక్కను కోయాలంటే ముందు ఖనిజం కరిగించాలి, ఆస్టియోక్లాస్ట్ చేసే పనే ల్యాబులోనూ చేయాలి. త్వరగా కానిద్దామని గాఢమైన ఆమ్లంలో వేస్తే ఖనిజంతో పాటు పరీక్షకు కావాల్సిన ప్రోటీన్లు, డీఎన్‌ఏ కూడా పాడై, ఉన్న రిసెప్టర్ లేనట్టు రిపోర్టు వస్తుంది. ఈడీటీఏ అనే రసాయనంలో నెమ్మదిగా కరిగిస్తే అవి నిలుస్తాయి, కొన్ని రోజులు ఎక్కువ పడుతుంది అంతే. ముక్కలో మెత్తని భాగం ఏదైనా ఉంటే దాన్ని విడదీసి కరిగించకుండానే పరీక్షకు పెట్టవచ్చు. ఈ మాట బయాప్సీ ఫారం మీద ముందే రాయించాలి, ముక్క ఆమ్లంలో పడ్డాక అడిగి లాభం లేదు.